రెండోసారి అడగని ఆట

మొన్న రిచ్‌మండ్ హిల్‌లో మా బావగారి డెబ్బయ్యో పుట్టినరోజు భోజనాలప్పుడు ఒక చిన్న సంగతి జరిగింది. చెబితే ఇంతేనా అంటారు గానీ, వారం రోజులుగా అది నన్ను వదలడం లేదు. అక్క తన మోకాళ్ల నొప్పులు కూడా లెక్కచెయ్యకుండా పొద్దున్నే లేచి పూర్ణం బూరెలు వండింది. నాకు బూరెలంటే ప్రాణమని అక్కకి తెలుసు, నీకోసమే వండుతున్నాను రారా అని ముందురోజే ఫోనులో ఊరించింది కూడా. ఒట్టావా శివారు కనాటా నుంచి నాలుగున్నర గంటలు ఒక్కణ్ణే కారు నడుపుకుంటూ వెళ్లింది బావగారి మీద అభిమానంతో ఎంతో, ఆ బూరెల మీద ఆశతోనూ అంతే అని ఒప్పుకోవడానికి ఈ వయసులో నాకేం సిగ్గులేదు. అందరం కూర్చున్నాక అక్క కూతురు పళ్లెం పట్టుకుని వరసగా వడ్డిస్తూ నా దగ్గరికొచ్చి, "బూరె వెయ్యనా మావయ్యా?" అంది. నేను ప్లేటుకి చెయ్యి అడ్డంపెట్టి, "వద్దమ్మా, చాలు" అన్నాను. ఆ పిల్ల "ఓకే మావయ్యా" అని నవ్వి పక్కాయన దగ్గరికి వెళ్లిపోయింది.

నేను కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఉండిపోయాను. మేనకోడలు వెనక్కి తిరిగి, అదేంటి మావయ్యా ఒక్కటైనా వేసుకో అంటుందని, నువ్వింతగా అంటున్నావు కాబట్టి సరే అని అప్పుడు నేను చెయ్యి తీస్తానని మనసులో ఎదురుచూస్తూనే ఉన్నాను. ఆ పిల్ల తిరగలేదు. తప్పు ఆ పిల్లది కానే కాదు. ముప్ఫై అయిదేళ్ల కిందట ఈ దేశంలోనే పుట్టి, వద్దంటే వద్దనే అర్థమని నమ్మి పెరిగిన పిల్ల. ఈ ఒక్క అలవాటు వల్ల ఏం పోగొట్టుకున్నానో బాగా తెలిసి కూడా, అరవై ఒక్కేళ్లొచ్చాక మళ్లీ అదే మాట అన్న నన్ను అనాలి ఏమన్నా అంటే.

నేను హాకీ ఆటగాణ్ణి. ఇలా అనగానే మనవాళ్లు మైదానంలో ఆడే హాకీ అనుకుంటారు. అది కాదు, మంచు మీద, స్కేట్లు కట్టుకుని ఆడేది. పద్నాలుగేళ్లు అదే నా ఉద్యోగం. నా పేరు మీరెవరూ విని ఉండరు. పేరు మోసిన ఆటగాళ్లు ఆడే పెద్ద లీగు కింద, చిన్న చిన్న ఊళ్లలో, సగం నిండిన మంచు మైదానాల్లో, రింకులంటారు, ఆడే లీగులు చాలా ఉంటాయి. వాటిల్లో ఒక ఊరు వద్దంటే ఇంకో ఊరు పోతూ బతికే వాళ్లం వందలమంది ఉండేవాళ్లం. నేను అలా పద్నాలుగేళ్లలో తొమ్మిది ఊళ్లు మారాను. అదీ గోల్‌కీపరుగా, అందులోనూ ఎక్కువ కాలం రెండో గోల్‌కీపరుగా. ఇక్కడ గోలీ అంటారు. జట్టుకి ఇద్దరు గోలీలుంటారు, ఆడేది ఒక్కడే. రెండోవాడు మొత్తం సరంజామా, ఆ పెద్ద ప్యాడ్లు, ఛాతీకి కవచం, అన్నీ కట్టుకుని, మొదటివాడికి దెబ్బ తగిలితేనో వాడు మరీ ఘోరంగా ఆడితేనో తప్ప పనిలేకుండా బెంచీ చివర కూర్చుంటాడు.

పనిలేకుండా అన్నాను గానీ ఒక పని ఉంది. మంచు మీద ఆటగాళ్లు నిమిషానికోసారి మారిపోతూ ఉంటారు, వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ బెంచీకున్న చిన్న గేటు తీసి మూయాలి. అది రెండో గోలీ పని. నా వృత్తిజీవితంలో నేను ఆపిన బంతులకన్నా, బంతి కాదులెండి, పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ల, అవి ఆపినదానికన్నా తీసి మూసిన గేట్లే ఎక్కువ. ఇప్పుడు కనాటాలో మన వాళ్ల గెట్‌టుగెదర్‌లకి వెళితే, టెలికం కంపెనీల్లో పనిచేసి రిటైరైన ఇంజినీరు మిత్రులు మీరే కంపెనీలో చేశారండీ అని అడుగుతారు. హాకీ ఆడాననీ, తర్వాత ఊరి రింకులో మంచు సాఫుచేసే బండి నడిపి రిటైరయ్యాననీ చెబితే, పాపం ఏమనాలో తెలియక, వెరీ గుడ్, ఎక్సర్‌సైజ్ మంచిది కదండీ అంటారు.

మరి ఇలాంటివాడికి ఈ తెలుగెక్కడిదని మీకు అనుమానం రావచ్చు. నాకు అయిదేళ్లప్పుడు మా నాన్నగారికి హాలిఫాక్స్‌లో ఆసుపత్రి ఉద్యోగం వచ్చి అందరం వచ్చేశాం. అమ్మ రోజూ సాయంత్రం వంటింటి బల్ల దగ్గర అక్కనీ నన్నూ కూర్చోబెట్టి, ఓ పేజీ రాస్తే గానీ లేవనిచ్చేది కాదు. ఆ వయసులో నాకు ప్రపంచంలో అంతకన్నా అన్యాయం కనిపించలేదు. తర్వాత పద్నాలుగేళ్లు నన్ను కాపాడింది ఆ పేజీలే. అమ్మ వారానికో ఉత్తరం రాసేది, ఇంటి అడ్రసు ఎన్నాళ్లుంటుందో తెలియదు కాబట్టి రింకు అడ్రసుకే. నేను ఆ ఊరు వదిలేసిన తర్వాత చేరి, అక్కడి గుమాస్తా ఎవరో అడ్రసు కొట్టేసి కొత్తది రాసి పంపితే, మూడో ఊళ్లో నాకు అందిన ఉత్తరాలూ ఉన్నాయి. ప్రెయిరీ మైదానాల్లో పన్నెండేసి గంటలు సాగే బస్సు ప్రయాణాల్లో, కిటికీ అద్దాలు లోపలివైపు కూడా గడ్డకట్టి బయట ఏమీ కనిపించని వేళల్లో, తోటివాళ్లు పేకాడుకుంటూ ఉంటే నేను ఆ ఉత్తరాలు తీసి చదివినవే మళ్లీ చదువుకునేవాణ్ణి. భుజం మీంచి తొంగిచూసినా ఎవరికీ అర్థం కాని ఆస్తి నాకు అదొక్కటే ఉండేది. జవాబు తెలుగులోనే రాసేవాణ్ణి. అందుకే నా తెలుగు ఆ కాలంలో ఆగిపోయింది, మన్నించండి.

ఈ వద్దనే విద్య గురించి చెప్పాలి. అప్పట్లో హాలిఫాక్స్ మొత్తానికి మన తెలుగు ఇళ్లు ఏడో ఎనిమిదో. ఆదివారం వస్తే ఎవరో ఒకరింటికి వెళ్లేవాళ్లం. నాకు ఏడేళ్లప్పుడు ఒక ప్రొఫెసరు గారింట్లో ఆంటీ జంతికల పళ్లెం ముందు పెట్టి తీసుకో బాబూ అనగానే నేను రెండు చేతులా తీసుకున్నాను. నాన్నగారు నవ్వుతూనే, ఎవరికీ కనబడకుండా, నా తొడ మీద గట్టిగా గిల్లారు. తిరుగు ప్రయాణంలో కారులో ఒకటే పాఠం, మనమేదో తిండికి మొహంవాచి ఉన్నామనుకోరూ, మొదటిసారి పెడితే వద్దండి అనాలి, రెండోసారి అడిగితే చాలండి అనాలి, మూడోసారి పెద్దవాళ్లు అంతగా అంటున్నప్పుడు కాదనకుండా తీసుకోవాలి. అమ్మ కూడా అవునని తలూపింది. ఆ తర్వాత నేను ఎంత మర్యాదస్తుణ్ణయ్యానంటే, ఆ ఆంటీలందరూ తమ పిల్లలకి నన్నే చూపించేవారు. అయితే మా వీధిలో స్కూలు స్నేహితుడింటికి మొదటిసారి వెళ్లినప్పుడు, వాళ్లమ్మ పొయ్యిలోంచి అప్పుడే తీసిన బిస్కెట్లు తెచ్చి కావాలా అంటే నో థాంక్యూ అన్నాను. ఆవిడ ఆల్రైట్ డియర్ అని పళ్లెం పట్టుకెళ్లిపోయింది. ఆ రోజు ఆకలితో ఇంటికి నడిచొచ్చాను. అప్పుడే అర్థం కావలసింది నాకు. కాలేదు.

హాకీలోకి కూడా నేను అడిగి వెళ్లలేదు. చలికాలం మా ఇంటికి దగ్గర్లోని లేక్ గడ్డకట్టగానే వీధి పిల్లలందరూ అక్కడే ఆడేవారు. నేను ఒడ్డున నిలబడి చూసేవాణ్ణి. నన్నూ చేర్చుకోండని అడగడానికి నోరు వచ్చేది కాదు. కానీ గోల్లో నిలబడడానికి ఎవరూ ఇష్టపడరు, అందుకని వాళ్లే పిలిచేవారు, ఒకసారి కాదు, ఏయ్ రా రా అని నాలుగైదుసార్లు. అంత బతిమాలించుకుని వెళ్లడం నాకు ఎంతో గౌరవంగా ఉండేది. అలా పిలిపించుకుని పిలిపించుకుని గోలీనయ్యాను. నిజంగానే బాగా ఆడేవాణ్ణి కూడా. పద్దెనిమిదేళ్లకి పెద్ద లీగు జట్టొకటి నన్ను తన జాబితాలో ఎక్కడో అట్టడుగున రాసుకుంది. అదే ఏడు యూనివర్సిటీలో సీటూ వచ్చింది. సీటు వదిలి ఆటకే వెళతానని ఇంట్లో చెప్పాను.

నాన్నగారికి ముక్కు మీద కోపం, కానీ ఆ రోజు అరవలేదు. హాల్లో సోఫాలో కూర్చుని చాలాసేపు చేతులు చూసుకున్నారు. ఆయన మెల్లగా మాట్లాడితేనే నాకు భయం. "ఒరేయ్, ఒక్క ఆట. ఆ పెద్ద లీగులో ఒక్కటంటే ఒక్క ఆట ఆడి చూపించు. రికార్డుల పుస్తకంలో మన పేరు ఎక్కనీ. ఆ తర్వాత నువ్వేం చేసినా నేను నోరెత్తను," అన్నారు. సరే నాన్నగారూ అన్నాను. ఒక్క ఆటేగా అనుకున్నాను.

కుర్రాళ్ల లీగులో రెండేళ్లు ఆడాక, ఆ ఒక్క ఆట కోసం ఎనిమిదేళ్లు తిరిగాను, అయిదు ఊళ్లు. ప్రతి ఊళ్లోనూ డ్రెస్సింగ్ రూములో మన చోటు పైన తెల్లటి టేపు ముక్క మీద పేరు రాసి అంటిస్తారు. మనం వెళ్లిపోయిన రోజునే అది పీకి అవతల పారేస్తారు, మన స్కేట్లు ఇంకా తడారకముందే ఇంకొకడి పేరు. ఎవరో ఒకరింటి బేస్‌మెంటులో గది, ఒక చిన్న రైస్ కుక్కరు, అమ్మ పంపిన కందిపొడి, గోడకి ఆనించిన హాకీ కర్రలు. ఆట ఉన్న రోజు గోలీతో ఎవరూ మాట్లాడరు, అదొక ఆచారం, ఏకాగ్రత చెదురుతుందని. ఆట లేని రోజు రెండో గోలీతో మాట్లాడవలసిన అవసరం ఎవరికీ ఉండదు. కొన్ని రింకుల్లో చుట్టూ ఉండే గాజు గోడ వెనక నుంచి జనం నా రంగు గురించి ఏవేవో అరిచేవారు, మాస్కు లోపల ఉన్నవాణ్ణి కనక విననట్టు నటించడం సులువయ్యేది. ఒకసారి అమ్మ ఒట్టావాలో ఒక సంబంధం చూసింది. పిల్ల తండ్రి, ఎంతో పెద్దమనిషి, బాబూ మీరు సెటిల్ అయ్యేది ఎక్కడండీ అని అడిగారు. మార్చి దాకా ఫలానా ఊళ్లో అండీ అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు, పిల్ల మాత్రం లోపలికి వెళ్తూ ఒక్కసారి జాలిగా చూసింది. అమ్మ తర్వాత ఇంకా చూస్తానంది, నేనే వద్దన్నాను. అది మాత్రం నిజంగా వద్దనే అన్నాను.

నాకు ఇరవై ఎనిమిదో ఏట, ఫిబ్రవరిలో, పిలుపొచ్చింది. పెద్ద జట్టు రెండో గోలీకి తొడ కండరం పట్టేసింది, అతను కోలుకునేదాకా నన్ను రమ్మన్నారు. పొద్దున్న విమానంలో వెళ్లి సాయంత్రానికి టీవీలో చూసిన మనుషుల మధ్య కూర్చున్నాను. నా చోటు పైన టేపు ముక్క కాదు, ఇత్తడి రంగు పలక మీద అచ్చువేసిన పేరు. తలుపు వేసుకుని ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఆ పలక వేలితో తడిమి చూశాను. వెంటనే హాలిఫాక్స్‌కి ఫోను చేస్తే నాన్నగారు ఎత్తారు. "మంచిది. ఆ గోల్లో నిలబడు," అని అమ్మకి ఇచ్చేశారు.

ఆ శనివారం మా జట్టు ఆట టీవీలో వస్తుందని తెలిసి, ఆ ఏడెనిమిది ఇళ్లవాళ్లూ మా ఇంట్లో చేరారట. అమ్మ ఇరవైమందికి వండిందట. నేను ఆడలేదు, మామూలుగా బెంచీ చివర కూర్చుని గేటు తీస్తూ మూస్తూ ఉన్నాను. కెమేరా మూడుసార్లు నా మీదుగా వెళ్లిందనీ, మూడుసార్లూ అందరూ చప్పట్లు కొట్టారనీ అక్క తర్వాత చెప్పింది. జంతికల ఆంటీ మాత్రం ఉండబట్టలేక, "అదేంటండీ, మన బాబు ఆడకుండా అందరికీ తలుపు తీస్తున్నాడూ?" అని అడిగేసిందట. నాన్నగారు తల దించుకున్నారట. అమ్మ మాత్రం ఏమాత్రం తడుముకోకుండా, "ఇంటివాడు అందరికీ వడ్డించాకే కదమ్మా కూర్చుంటాడు," అందట. నేను ఆ మాట ఎన్నిసార్లు తలుచుకున్నానో చెప్పలేను.

ఇక్కడ ఒక నియమం చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. రెండో గోలీ ఎన్ని రోజులు సరంజామా కట్టుకుని బెంచీ మీద కూర్చున్నా రికార్డుల్లో అది ఆటగా లెక్కకు రాదు. ఆట నడుస్తుండగా ఒక్క క్షణమైనా గోల్లో నిలబడాలి. అలా నిలబడితే ఆ పుస్తకంలో పేరు శాశ్వతంగా ఉంటుంది. లేకపోతే నువ్వసలు అక్కడికి వెళ్లనట్టే. నేను తొమ్మిది ఆటలకి సరంజామా కట్టుకున్నాను. ఎనిమిదింటిలో అవసరం రాలేదు.

తొమ్మిదోది ఒక ఆదివారం మధ్యాహ్నం, వేరే ఊళ్లో. మా జట్టు ఏడు గోల్సు తిని ఒకటి వేసింది. చివరి పీరియడ్‌లో ఇంకా ఆరు నిమిషాలుంది. జనం కోట్లు తొడుక్కుని లేచిపోతున్నారు. మా మొదటి గోలీ, నాకన్నా ఏడేళ్లు పెద్దవాడు, వచ్చిన రోజున కర్రకి చుట్టుకోమని నాకు తన టేపు చుట్ట ఇచ్చి ఆదరించినవాడు, గోల్ పోస్టుకి ఆనుకుని పాపం వంగిపోయి ఉన్నాడు. అప్పుడు కోచ్ బెంచీ వెనకనుంచి నడుచుకుంటూ వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, వంగి, నా చెవిలో, "వాంట్ టు గో ఇన్?" అన్నాడు.

ఎనిమిదేళ్లుగా నేను ఆ ప్రశ్న కోసమే బతికాను. కళ్ల ముందు నాన్నగారి చేతులు కనిపించాయి. మరి నా నోరేమందో వినండి. "అయామ్ ఓకే, కోచ్," అంది.

నిజం చెబుతున్నాను, నేను వద్దనుకోలేదు. ఆ మొదటి గోలీని అందరిముందూ దింపేసి నేను ఎగబడినట్టు ఉండకూడదనుకున్నాను. పిలవగానే ఆవురావురుమంటూ లేచాడనుకుంటారనుకున్నాను. అసలు అంత ఆలోచనే లేదు, అవన్నీ తర్వాత చెప్పుకున్న కారణాలు. ఏడేళ్లప్పుడు కారులో నేర్చుకున్న మాట దానంతటది వచ్చేసింది, అంతే. ఇక రెండోసారి అడుగుతాడు, ఛ, వెళ్లు వెళ్లు అంటాడు, నేను లేస్తాను. కోచ్ నా భుజం తట్టి, తల ఊపి, వెనక్కి నడిచి వెళ్లిపోయాడు. నేను మాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అయిదు నిమిషాలు. నాలుగు. గేటు తీశాను, మూశాను. గడియారం వంకా కోచ్ వంకా మార్చి మార్చి చూశాను. అతను ఇటు చూడనేలేదు. నేనే లేచి, కోచ్, వెళ్తాను అని ఉంటే సరిపోయేది, పది అడుగుల దూరం, రెండు మాటలు. లేవలేకపోయాను. హారన్ మోగింది. అందరికీ గేటు తీసి, ఆఖరున నేను దిగాను.

బుధవారానికి ఆ రెండో గోలీ తొడ బాగుపడింది. నన్ను మళ్లీ కింది లీగు ఊరికి పంపేశారు. ఆ తర్వాత ఆరేళ్లు ఆడాను, ఇంకో నాలుగు ఊళ్లు, పెద్ద లీగు నుంచి మళ్లీ పిలుపు రాలేదు. ఎందుకు రాలేదో చాలాకాలానికి తెలిసింది. ఆ జట్టులో సామాను చూసుకునే ముసలాయన ఒకరు రిటైరై ఒట్టావాలో కనిపించి, కాఫీ తాగుతూ, నీ గురించి కోచ్ ఏం రాశాడో తెలుసా అన్నాడు. మంచి కుర్రాడు, కష్టపడతాడు, కానీ ఉన్నచోట సంతోషంగా ఉన్నాడు, పైకి రావాలన్న ఆకలి లేదు, అని రాశాడట. ఆకలి లేదట! తెలుగువాళ్లింట్లో పదిమంది ముందు ఆకలి చూపించకుండా ఉండడానికి నేను పడ్డ పాట్లు ఆయనకేం తెలుసు.

ఇదంతా ఒక ఎత్తు. కిందికి పంపేసిన రోజు సాయంత్రం నాన్నగారు ఫోనులో, "ఒక్క అవకాశం కూడా ఇవ్వలేదా?" అని అడిగారు. గొంతులో అంత ఆశ నేనెప్పుడూ వినలేదు. "ఇవ్వలేదు నాన్నగారూ," అనేశాను. ఆ అబద్ధం ఆయన పాతికేళ్లు మోశారు. మనవాడి రంగు చూసి ఆడనివ్వలేదు, ఆ కోచ్ పెద్ద దుర్మార్గుడు, అని ఎక్కడ నలుగురు చేరినా చెప్పేవారు. నేను పక్కనే తల వంచుకుని అన్నం కలుపుకుంటూ ఉండేవాణ్ణి. అలాంటి కోచ్‌లు నాకు తగలకపోలేదు, కానీ ఈ కోచ్ ఆ బాపతు కాదు. నా పేరు సరిగ్గా పలకడానికి మొదటి రోజే నాచేత నాలుగుసార్లు చెప్పించుకుని నేర్చుకున్న మనిషి. ఆయన మీద నేను నింద వేసి ఊరుకున్నాను. ఈ విషయంలో నన్ను నేను క్షమించుకోలేదు, మీరు క్షమించాలని చెప్పడమూ లేదు.

ఎనిమిదేళ్ల కిందట నాన్నగారు గుండె జబ్బుతో హాలిఫాక్స్‌లో, తాను పనిచేసిన ఆసుపత్రిలోనే మంచం మీద ఉన్నారు. అప్పటికి అమ్మ పోయి రెండేళ్లు. నేను సెలవు పెట్టి వెళ్లి పక్కన కూర్చునేవాణ్ణి. ఒకరోజు పేపరు తిరగేస్తూ, "మీ కోచ్ పోయాడురా. మన నోటి దగ్గరిది లాగేసినవాడు," అన్నారు. ఫొటోలో ఆయన ముసలివాడై, ఎవరో మనవరాలిని ఎత్తుకుని నవ్వుతున్నాడు. ఇక ఆగలేకపోయాను. ఆయన అడిగాడు నాన్నగారూ, నేనే వద్దన్నాను, అని చెప్పేశాను. ఆ ఆదివారం, ఏడూ ఒకటీ, భుజం మీద చెయ్యి, అన్నీ.

నాన్నగారు పేపరు మడిచి పక్కన పెట్టి కళ్లు మూసుకున్నారు. కోపంతో అని అనుకున్నాను. తర్వాత కళ్లు మూసుకునే, "మళ్లీ అడగలేదూ?" అన్నారు.

"లేదు."

"అడుగుతాడనుకున్నావు."

"అనుకున్నాను."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. భుజాలు కదిలాయి. ఆయన ఏడవడం నేను అంతకుముందు ఒకేసారి చూశాను, అమ్మ పోయినప్పుడు. నర్సు భోజనం ట్రే తెచ్చి పెట్టి వెళ్లింది. ఉప్పులేని సూపు, మెత్తటి బంగాళాదుంప, చిన్న కప్పులో కస్టర్డ్. నాన్నగారు లేచి కూర్చుని, సూపు పక్కకి నెట్టి, ఆ కప్పు తీసి నా వైపు చాపారు. "తీసుకో," అన్నారు. వద్దు నాన్నగారూ మీరు తినండి అన్నాను. "తీసుకోరా," అన్నారు. చాలండి, నేను తిన్నాను అన్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నా కళ్లలోకి చూస్తూ, "నా మాట విను. తీసుకో నాన్నా," అన్నారు మూడోసారి. తీసుకున్నాను. ప్లాస్టిక్ చెంచాతో, ఆయన చూస్తుండగా, అడుగంటా తిన్నాను. "ఇంట్లో మర్యాద నేర్పాను గానీ, బయట ఎవరూ మళ్లీ అడగరని చెప్పడం మర్చిపోయాను," అన్నారు. ఆ తర్వాత పదకొండు రోజులున్నారు. ఆ కోచ్ గురించి మళ్లీ ఎవరితోనూ చెడ్డమాట అనలేదు.

ఇప్పుడు రికార్డులన్నీ ఫోన్లలోనే దొరుకుతాయి. పెద్ద లీగులో నా పేరు వెతికితే ఏమీ రాదు. ఆ ఇత్తడి పలకా ఏమైందో తెలియదు. కనాటాలో నా అపార్ట్‌మెంటులో పొద్దున్న నేనే వండుకుని నేనే వడ్డించుకుంటాను. ఇంకొంచెం వేసుకో అనేవాళ్లు లేరు, చాలు అనడానికి ఎదురుగా ఎవరూ లేరు. కొన్నిసార్లు రెండో గరిటె అన్నం చేతిలో పట్టుకుని, వేసుకోవాలో వద్దో తెలియక, కాసేపు అలా నిలబడిపోతాను.

ఆ రోజు రిచ్‌మండ్ హిల్‌లో భోజనాలయ్యాక ఎన్నడూ చెయ్యని పని చేశాను. వంటింట్లోకి వెళ్లి, అమ్మాయ్, ఆ బూరెలు ఇంకా ఉన్నాయా అని నోరు తెరిచి అడిగాను. మేనకోడలు ఖాళీ పళ్లెం కడుగుతోంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, "అయ్యో మావయ్యా, అయామ్ సో సారీ! యూ సెడ్ నో!" అంది, కళ్లలో నీళ్లు తిరిగినంత పనయింది పాపం. ఫరవాలేదమ్మా, అవును, అన్నాను కదా, అని తల నిమిరి బయటికొచ్చి కారెక్కాను. ఆ కోచ్ బతికుండగా నేను వెళ్లి అడిగి ఉంటే ఆయనా ఈ మాటే అనేవాడు.

మన అమ్మానాన్నలు నేర్పిన ఆ మర్యాదకి ఇద్దరు మనుషులు కావాలి. వద్దనేవాడొకడు, వద్దంటున్నా విడవనివాడొకడు. విడవనివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. వద్దనేవాళ్లం మాత్రం, మన వయసువాళ్లం, ఇంకా అక్కడక్కడా ప్లేటుకి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉన్నాం. పిల్లలది తప్పు కాదు, వాళ్లు మన మాట నమ్ముతున్నారు, అంతే. మీలో ఎవరింటికైనా నేనెప్పుడైనా వస్తే, నాకు తెలుసు, మొదట వద్దనే అంటాను. దయచేసి ఇంకొక్కసారి అడగండి.